ఒకే కంప్యూటరు – రెండు ఖాతాలు
కార్యాలయపు కోడును, సొంత కోడును వేరుగా నిలుపుకొనే విధానం

కోల్‌కతా నడిబొడ్డున, లాల్‌దీఘి చెరువుకు ఉత్తరపు గట్టున ఎర్రని ముఖభాగంతో నిలిచిన రైటర్స్ బిల్డింగ్‌ను ఎరుగని నగరవాసి ఉండడు. 2013 వరకు పశ్చిమబెంగాల్ రాష్ట్ర సచివాలయం అందులోనే పనిచేసింది. పేరులోని ‘రైటర్లు’ గ్రంథకర్తలు కారు. ఈస్టిండియా కంపెనీ కొలువులో కొత్తగా చేరిన గుమాస్తాలు. పద్దులు వ్రాయడం, ఉత్తరాలకు నకళ్లు తీయడం వారి పని. ఆ కంపెనీ ఉద్యోగుల చరిత్రలోని ఒక ఘట్టం నేడు కంప్యూటరు ముందు కూర్చునే మనకు చక్కని పాఠం చెబుతుంది.

1717లో మొగలు చక్రవర్తి ఫరూక్‌సియర్ జారీచేసిన ఫర్మానా ప్రకారం, ఏటా 3,000 రూపాయలు చెల్లించి బెంగాల్‌లో సుంకం లేకుండా వ్యాపారం చేసుకొనే హక్కును కంపెనీ పొందింది. సరుకు కంపెనీదేనని ధ్రువపరచే రహదారి పత్రానికి ‘దస్తక్’ అని పేరు. చౌకీ వద్ద దస్తక్ చూపితే పడవ సుంకం కట్టనక్కరలేదు. అయితే కంపెనీ ఉద్యోగులకు సొంత వ్యాపారాలు కూడా ఉండేవి. వారు తమ సొంత సరుకుకు సైతం కంపెనీ దస్తక్‌నే చూపసాగారు. కొందరు దానిని ఇతర వర్తకులకు అమ్ముకున్నారు కూడా. ఏ పడవ కంపెనీదో, ఏ పడవ ఉద్యోగిదో తేల్చలేని పరిస్థితి ఏర్పడింది. నవాబు సిరాజుద్దౌలా కంపెనీపై చేసిన ఫిర్యాదులలో ఇది ఒకటి. అనంతర కాలంలో నవాబైన మీర్‌ఖాసిం విసిగి వేసారి 1763లో వర్తకులందరికీ సుంకాలనే రద్దు చేశాడు. ఆ వివాదం యుద్ధంగా మారి 1764లో బక్సర్ రణరంగం వరకు సాగింది.

గుర్తింపు పత్రం ఒకరిది, సరుకు మరొకరిది అయినప్పుడు ఎంతటి అనర్థం వాటిల్లుతుందో ఈ ఉదంతం తెలుపుతుంది. నేటి సరుకు కంప్యూటరు కోడు. నేటి దస్తక్ కంప్యూటరులో దాగి ఉన్న ఒక చిన్న ‘తాళపుచెవి’ ఫైలు. కార్యాలయపు ఖాతా, సొంత ఖాతా ఒకే యంత్రంలో ఉన్నప్పుడు ఈ రెండూ కలగాపులగం కాకుండా చూసుకోవడం ఎలా అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

కోడు భాండాగారం అంటే ఏమిటి?

కోల్‌కతాకు కంప్యూటరు కొత్త కాదు. బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1956లోనే హెచ్.ఇ.సి.-2ఎం అనే కంప్యూటరు నెలకొన్నది. దేశంలో నెలకొల్పిన తొలి డిజిటల్ కంప్యూటరు అదే. 1966లో అదే సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి ఐ.ఎస్.ఐ.జె.యు.-1 అనే యంత్రాన్ని స్వయంగా నిర్మించాయి. చిల్లుల కార్డుల కాలంలో ప్రోగ్రామంటే కార్డుల కట్ట. కట్ట ఎవరి చేతిలో ఉన్నదో కంటికి కనిపించేది.

నేడు ఆ కట్ట కంటికి కనిపించదు. ఒక ప్రోగ్రామును పదిమంది పది ఊళ్ల నుంచి వ్రాస్తారు. ఎవరు ఏ వరుసను ఎప్పుడు మార్చారో నమోదు చేసే చిట్టా అవసరమైంది. లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో రూపొందించిన ‘గిట్’ అనే సాధనం ఈ చిట్టాను వ్రాస్తుంది. ఆ చిట్టాతో సహా కోడును భద్రపరచి, అనుమతి ఉన్నవారికి అందించే భాండాగారాలు గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ మొదలైనవి. గిట్‌హబ్ 2008లో మొదలైంది; 2018లో మైక్రోసాఫ్ట్ దానిని కొనుగోలు చేసింది.

ఇది సిస్టమ్స్ విభాగం వారికి మాత్రమే సంబంధించిన వ్యవహారమని భావించరాదు. స్టోర్సు నిల్వల నివేదికను సులువు చేసుకునేందుకు చిన్న ప్రోగ్రాము వ్రాసుకున్న ఇంజనీరుకూ, జీతాల పట్టికను సరిచూసే లెక్కల విభాగం ఉద్యోగికీ ఇది వర్తిస్తుంది. ఇంజనీరింగు చదువుతున్న మన పిల్లలకు నేడు గిట్‌హబ్ ఖాతా ఉద్యోగ దరఖాస్తుతో పాటు చూపే యోగ్యతాపత్రం వంటిది.

సంతకం వేరు – తాళపుచెవి వేరు

ఈ విషయంలో వచ్చే తికమకకు మూలం ఒక్కటే. రెండు వేర్వేరు వస్తువులను ఒకటిగా భావించడం.

మొదటిది సంతకం. గిట్‌లో మనం చేసే ప్రతి నమోదుకు ‘కమిట్’ అని పేరు. ప్రతి కమిట్‌తో పాటు రచయిత పేరు, ఈమెయిలు చిరునామా, తేదీ, సమయం శాశ్వతంగా చేరతాయి. కంప్యూటరులో మనం ముందుగా వ్రాసి ఉంచిన పేరునే గిట్ తీసుకుంటుంది. అది నిజమా కాదా అని విచారించదు.

రెండవది తాళపుచెవి. భాండాగారంలోకి కోడు పంపేటప్పుడు ‘ఈ వ్యక్తికి ప్రవేశార్హత ఉన్నదా?’ అన్న ప్రశ్నకు సమాధానం అది. దీనికి ఎక్కువగా వాడేది ఎస్.ఎస్.హెచ్. అనే పద్ధతి. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో టాటు యులోనెన్ దీనిని రూపొందించారు. అక్కడి నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగిలింపబడిన సంఘటనే ఆయనను ఇందుకు పురికొల్పింది. ఈ పద్ధతిలో తాళపుచెవులు జంటగా ఉంటాయి. రహస్యమైనది మన యంత్రంలోనే ఉంటుంది. బహిరంగమైనది భాండాగారంలో మన ఖాతాకు జతచేస్తాము.

సంతకం ప్రాముఖ్యాన్ని గ్రహించేందుకు ఒక ఉదాహరణ. తెలుగువారైన ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు దాదాపు నాలుగు దశాబ్దాలు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే పనిచేశారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన ప్రకటించిన పరిశోధన ‘క్రామర్–రావు’ అసమానతగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. శాస్త్ర పత్రాలలో రచయిత పేరు క్రింద సంస్థ పేరు వ్రాయడం ఆనవాయితీ. పేరు ఆ కృషి ఎవరిదో చెబుతుంది. దిగువనున్న చిరునామా ఆ కృషి ఎక్కడి కొలువులో జరిగినదో చెబుతుంది. కమిట్‌లోని ఈమెయిలు సరిగ్గా ఆ రెండవ పని చేస్తుంది. రెండు ఖాతాలలోనూ మన పేరు ఒక్కటే కావచ్చు. చిరునామా మాత్రం వేరుగా ఉండి తీరాలి.

సంతకం, తాళపుచెవి వేరు కావడం వలననే వింత పరిస్థితులు ఎదురవుతాయి. కార్యాలయపు తాళపుచెవితో పంపిన కోడుపై సొంత ఈమెయిలు ఉండవచ్చు. భాండాగారం సాధారణంగా దానిని ఆపదు, హెచ్చరించదు. ఆరు నెలల తరువాత ఎవరో చిట్టా తిరగేసినప్పుడు గాని విషయం బయటపడదు.

చట్టం దృష్టిలో

భారత కాపీరైటు చట్టం, 1957 కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చింది. అందులోని 17వ సెక్షను మన ఉద్యోగులు తెలుసుకొనదగినది. దాని (సి) క్లాజు ప్రకారం, ఉద్యోగ విధులలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేనట్లయితే, మొదటి యజమాని ఆ ఉద్యోగి పనిచేసే సంస్థ. ప్రభుత్వరంగ సంస్థల కొరకు (డిడి) అనే ప్రత్యేక క్లాజే ఉన్నది. అటువంటి సంస్థ ఆదేశం లేక అదుపు క్రింద తయారైన రచనకు, భిన్నమైన ఒప్పందం లేనంతవరకు, ఆ సంస్థయే మొదటి యజమాని.

కాబట్టి కార్యాలయపు కోడును సొంత ఖాతాలో ఉంచడం కేవలం అశ్రద్ధ కాదు. పరుల ఆస్తిని మన ఇంట ఉంచుకోవడం వంటిది. మరొక వైపు కూడా ఆలోచించవలెను. సెలవు దినాన ఇంట్లో, సొంత అభిరుచితో వ్రాసిన ప్రోగ్రాముపై కార్యాలయపు ఈమెయిలు పడితే, అది ఉద్యోగ విధులలో భాగమేనన్న వాదనకు మనమే ఆధారం సమకూర్చినవారమవుతాము. ఖాతాలు వేరుగా ఉంచడం సంస్థకు ఎంత రక్షణయో, ఉద్యోగికీ అంతే రక్షణ.

ప్రభుత్వం కోడును దాచిపెట్టాలని మాత్రమే కోరుతున్నదని అనుకోరాదు. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్సు కోడును బహిరంగపరచే విధానాన్ని కేంద్రం 2015లోనే ప్రకటించింది. ఆరోగ్యసేతు యాప్ ఆండ్రాయిడ్ కోడు 2020 మే నెలలో గిట్‌హబ్‌లోనే విడుదలైంది. అయితే అది అధికారిక నిర్ణయంతో, అధికారిక ఖాతా నుంచి జరిగింది. ఒక ఉద్యోగి సొంత ఖాతా నుంచి తెలియక బయటపడడం వేరు.

అలా బయటపడితే ఏమవుతుందో టయోటా సంస్థ అనుభవం చెబుతుంది. ఆ సంస్థ వాహన సేవల వెబ్‌సైటు కోడులో కొంత భాగాన్ని ఒక ఉపగుత్తేదారు 2017 డిసెంబరులో గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉంచాడు. డేటా సర్వరు తాళపుచెవి అందులోనే ఉన్నది. 2022 సెప్టెంబరు వరకు ఎవరూ గమనించలేదు. సుమారు 2,96,000 మంది వినియోగదారుల ఈమెయిలు చిరునామాలు బయటపడే అవకాశం ఏర్పడిందని టయోటా ప్రకటించి, క్షమాపణ చెప్పవలసివచ్చింది.

అమరిక – నాలుగు మెట్లు

అన్నిటికంటే ముందు చేయవలసినది అనుమతి తీసుకోవడం. కార్యాలయపు కంప్యూటరులో సొంత ఖాతా వాడవచ్చునా అన్నది సిస్టమ్స్ విభాగాన్ని అడగవలెను. వారు కాదంటే చర్చ అక్కడితో ముగిసినట్లే. అనుమతి ఉన్నవారికి, కార్యాలయ అనుమతితో ఇంటి కంప్యూటరుపై పనిచేసేవారికి ఈ క్రింది పద్ధతి ఉపకరిస్తుంది. మరొక నియమం కూడా గుర్తుంచుకొనదగినది. గిట్‌హబ్ నిబంధనల ప్రకారం ఒక వ్యక్తికి ఒకే ఉచిత ఖాతా ఉండాలి. కనుక రెండవది సంస్థ సమకూర్చిన ఖాతాగానో, సంస్థ సొంత సర్వరులోని ఖాతాగానో ఉండడమే సక్రమం.

మొదటి మెట్టు – ఫోల్డర్లు. ‘ఆఫీసు’, ‘సొంతం’ అని రెండు ఫోల్డర్లు తెరచి, ఏ కోడును ఏ ఫోల్డరులో ఉంచవలెనో అందులోనే ఉంచవలెను. చూడడానికి ఇది అల్పమైన పని. కాని మిగిలిన అమరిక అంతా దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

రెండవ మెట్టు – సంతకం. గిట్ సాధారణ కాన్ఫిగ్ ఫైలులో ఈమెయిలు వ్రాయరాదు. దానికి బదులు రెండు చిన్న ఫైళ్లు వేరుగా తయారుచేసి, ఒకదానిలో కార్యాలయపు ఈమెయిలు, రెండవదానిలో సొంత ఈమెయిలు వ్రాయవలెను. తరువాత ‘ఇన్‌క్లూడ్‌ఇఫ్’ అనే షరతును సాధారణ ఫైలులో చేర్చవలెను. కోడు ‘ఆఫీసు’ ఫోల్డరులో ఉంటే మొదటి ఫైలును, ‘సొంతం’లో ఉంటే రెండవ ఫైలును చదవమని దీని అర్థం. 2017లో వచ్చిన గిట్ 2.13 నుంచి ఈ సదుపాయం ఉన్నది. ఫోల్డరు పేరు చివర వాలుగీత తప్పక ఉండాలి. అది లేకపోతే లోపలి భాండాగారాలకు షరతు వర్తించదు. గిట్ ఏ ఫిర్యాదూ చేయదు. చివరగా ‘యూజ్‌కాన్ఫిగ్‌ఓన్లీ’ అనే అమరికను ‘ట్రూ’ చేయవలెను. అప్పుడు ఈ రెండు ఫోల్డర్లకు వెలుపల ఎక్కడ కమిట్ చేయబోయినా గిట్ చిరునామాను ఊహించుకొనక, చేయనని ఆగిపోతుంది. ఆ నిరాకరణయే మనకు కావలసిన కాపలా.

మూడవ మెట్టు – తాళపుచెవులు. ఎస్.ఎస్.హెచ్.-కీజెన్ అనే ఆదేశంతో రెండు జంటలు చేయవలెను. రకంగా ఈడీ25519 ఎంచుకోవడం నేటి మంచి పద్ధతి. రెండింటికీ వేర్వేరు ఫైలు పేర్లు ఇవ్వకపోతే రెండవది మొదటిదానిని చెరిపివేసే ప్రమాదం ఉన్నది. ప్రతిదానికీ రహస్య వాక్యం పెట్టవలెను. ఒకే బహిరంగ తాళపుచెవిని గిట్‌హబ్‌లో రెండు ఖాతాలకు జతచేయడం కుదరదు. అది ఇదివరకే వాడుకలో ఉన్నదని తిప్పికొడుతుంది.

నాలుగవ మెట్టు – మారుపేర్లు. రెండు ఖాతాలూ ఒకే గిట్‌హబ్‌లో ఉంటే, చేరవలసిన చిరునామా ఒక్కటే కనుక ఏ తాళపుచెవి వాడాలో యంత్రానికి తెలియదు. ఎస్.ఎస్.హెచ్. కాన్ఫిగ్ ఫైలులో గిట్‌హబ్‌కు ‘గిట్‌హబ్-ఆఫీసు’, ‘గిట్‌హబ్-సొంతం’ అని రెండు మారుపేర్లు ఇచ్చి, ప్రతి పేరు క్రింద దానికి చెందిన తాళపుచెవి ఫైలును పేర్కొనవలెను. ‘ఐడెంటిటీస్‌ఓన్లీ యెస్’ అన్న వరుస కూడా తప్పనిసరి. అది లేకపోతే యంత్రం తన వద్దనున్న తాళపుచెవులన్నిటినీ ఒకదాని వెంట ఒకటి చూపుతుంది. సర్వరు తనకు తెలిసిన మొదటిదానినే అంగీకరిస్తుంది. పాత దస్తక్ కథ ఇక్కడ మళ్లీ మొదలవుతుంది. ఇక ప్రతి భాండాగారపు ‘రిమోట్’ చిరునామాలో అసలు పేరు స్థానంలో తగిన మారుపేరు వ్రాస్తే అమరిక పూర్తి అయినట్లే.

తరచు ఎదురయ్యే చిక్కులు

‘భాండాగారం కనబడలేదు’ అని సమాధానం రావడం చాలామందిని కలవరపెడుతుంది. అన్నివేళలా భాండాగారం పోయినట్లు కాదు. అనుమతి లేని ఖాతాతో రహస్య భాండాగారాన్ని అడిగినప్పుడు, అది ఉన్నదన్న సంగతి కూడా తెలియనీయకుండా గిట్‌హబ్ ఇచ్చే సమాధానమది. తప్పు తాళపుచెవి వెళ్లినదని గ్రహించవలెను. ‘ఎస్.ఎస్.హెచ్. మైనస్ టి’ ఆదేశంతో ఒక్కొక్క మారుపేరును పరీక్షిస్తే, గిట్‌హబ్ ఖాతా పేరుతో మనలను పలకరిస్తుంది. ఏ పేరుతో పలికితే ఆ ఖాతాతో లోపలికి వెళ్లినట్లు.

ఎస్.ఎస్.హెచ్. కాక హెచ్.టి.టి.పి.ఎస్. పద్ధతి వాడేవారికి మరొక చిక్కు. గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి ఈ పనికి పాస్‌వర్డును అంగీకరించడం మానివేసింది, టోకెను కావాలి. విండోస్ ఆ టోకెనును సర్వరు పేరు మీద దాచుకుంటుంది. ఒకే సర్వరులో రెండు ఖాతాలున్నప్పుడు మొదటి టోకెనునే రెండవ చోట కూడా చూపుతుంది. రిమోట్ చిరునామాలో ఖాతా పేరును కూడా చేర్చడం దీనికి విరుగుడు.

బ్రౌజరును కూడా మరువరాదు. కార్యాలయానికి ఒక ప్రొఫైలు, సొంతానికి ఒక ప్రొఫైలు వేర్వేరు రంగులతో ఉంచుకుంటే కంటికే తేడా తెలుస్తుంది. బహిరంగ భాండాగారంలో కమిట్‌లోని ఈమెయిలును ఎవరైనా చదవగలరు. అందుచేత సొంత ఖాతాకు గిట్‌హబ్ ఇచ్చే మరుగు చిరునామాను వాడడం శ్రేయస్కరం.

పొరపాటు జరిగినచో

తప్పు సంతకం పడిన కమిట్ ఇంకా మన యంత్రంలోనే ఉంటే దిద్దుబాటు సులభం. ఈమెయిలు సరిచేసి, ‘అమెండ్’ ఆదేశంతో చివరి కమిట్ రచయితను కొత్తగా నమోదు చేయవచ్చును. భాండాగారానికి పంపిన తరువాత దిద్దడమంటే చిట్టానే తిరగవ్రాయడం. తోటివారి ప్రతులన్నీ తారుమారవుతాయి. అట్టి సందర్భంలో మన చేతులలోకి తీసుకొనక, భాండాగార బాధ్యులకు తెలియపరచవలెను.

పాస్‌వర్డు గాని, తాళపుచెవి గాని బయటికి వెళ్లినట్లయితే మొదటి పని దానిని రద్దు చేయించడం. ఫైలును తొలగించడం తరువాతి సంగతి. తొలగించినా పాత కమిట్‌లలో అది నిలిచే ఉంటుంది; ఇతరులు తీసుకున్న నకళ్లలో కూడా ఉంటుంది. దాచిపెట్టిన గంటకంటే చెప్పిన నిమిషం సంస్థకు ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంటి కంప్యూటరు – ఇంటిల్లిపాది

ఇంట్లో ఉన్న ఒకే కంప్యూటరును తండ్రి కార్యాలయపు పనికి, కుమార్తె కళాశాల ప్రాజెక్టుకు వాడుకోవడం మన కాలనీలలో సర్వసాధారణం. ఇక్కడ ఫోల్డర్ల ఏర్పాటు చాలదు. ఇద్దరికీ విండోస్‌లోనో, లైనక్స్‌లోనో వేర్వేరు లాగిన్లు ఉండాలి. తండ్రి రహస్య తాళపుచెవి కుమార్తె లాగిన్‌లో కనబడరాదు. అలాగే ఆమె రెండు నెలల శ్రమ తండ్రి పేరిట నమోదై, పరీక్షకుల ముందు సంజాయిషీ చెప్పుకొనే స్థితి ఆమెకు కలుగరాదు. పిల్లలకు తొలినాడే ఈ అలవాటు నేర్పితే రేపు వారు చేరే ఉద్యోగంలో అది అక్కరకు వస్తుంది.

బదిలీపై వెళ్లేటప్పుడు, పదవీ విరమణ చేసేటప్పుడు కూడా దీని విలువ తెలుస్తుంది. బీరువా తాళాలు అప్పగించినట్లే ‘ఆఫీసు’ ఫోల్డరును, ఖాతాను అప్పగించి, ఆ తాళపుచెవిని యంత్రం నుంచి చెరిపివేయవచ్చును. ‘సొంతం’ ఫోల్డరు మనతోనే వస్తుంది; దానిని గురించి ఎవరూ ప్రశ్నించే అవసరం ఉండదు. రెండూ కలసిపోయి ఉంటే, ముప్పది ఏళ్ల మచ్చలేని కొలువు చివరి వారంలో ఏ ఫైలు ఎవరిదో ఏరుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

ఈ అమరిక అంతటికీ పట్టేది ఒక పూట. తరువాత ప్రతి ఉదయం పని ఆరంభించే ముందు, భాండాగారపు ఫోల్డరులో నిలిచి ‘గిట్ కాన్ఫిగ్ యూజర్.ఈమెయిల్’ అని ఒక్క ఆదేశం ఇచ్చి, యంత్రం చూపిన చిరునామాను ఒక్కసారి చదవండి. నాటి చౌకీదారుకు పడవలోని సరుకు ఎవరిదో తెలిసే వీలు లేకపోయింది. మన చిట్టాను రేపు చదివేవారికి ఆ ఇబ్బంది కలుగకుండా చూడడం మన చేతిలోని పని.